టక్ ఒక్కసారా, రెండుసార్లా

మా బావ గురించి నేను చెప్పేవాటిలో సగం అబద్ధమని మా అక్క అంటుంది. ఏ సగమో తనూ ఇంతవరకు తేల్చలేకపోయింది. కాబట్టి మొత్తం నమ్మేయడమే మీకు తేలిక.

మా బావ కార్ల ఎలక్ట్రీషియన్. ఇంజన్ విప్పడు, టైరు వంక చూడడు. తాళం తిప్పితే బండి లేవాలి, లేచిన బండి నడుస్తూ నడుస్తూ తన బ్యాటరీని తనే నింపుకోవాలి. ఈ రెండింటి మధ్య ఏం చెడినా అది మా బావ పని. బ్యాటరీ, ఇంజన్ని తిప్పి లేపే సెల్ఫ్ మోటారు, బ్యాటరీని నింపే డైనమో, వాటిని కలిపే తీగలు. ఇరవై రెండేళ్లుగా ఇదే లోకం. ముందు గది షాపు, వెనక రెండు గదులు ఇల్లు. బండ్లు షాపు ముందు సిమెంటు గచ్చు మీద నిలబడతాయి. షాపు షట్టరు నడుము దాకా లేచి అక్కడ ఇరుక్కుపోతుంది, అందుకని ఎంత గొప్పవాడైనా లోపలికి వంగే రావాలి. షట్టరు తుప్పు పట్టిందని జనం అనుకుంటారు. మా బావ మీద గౌరవమని నేనంటాను.

ఆయన పని చేసే తీరు ఇంకెక్కడా చూడరు. బండి తెచ్చినవాడు బానెట్ ఎత్తబోతే ఆపేస్తాడు. స్టూలు మీద కూర్చుని, కళ్లు మూసుకుని, ఒకటే అడుగుతాడు, “బండి ఏమంటోంది?” ఆ చప్పుడు వాళ్లు నోటితో చేసి చూపించాలి. బ్యాంకు మేనేజరు కళ్లజోడు సర్దుకుని, పట్టపగలు, నలుగురు వింటుండగా “గుర్ర్... గుర్... గు” అనడం నేను కళ్లారా చూశాను. నన్ను మూడేళ్లు ఒకే తరగతిలో కూర్చోబెట్టిన లెక్కల మేష్టారు అదే గచ్చు మీద నిలబడి పిచికలా కీచుమన్నారు. ఆ రోజు నాకు పనేమీ లేకపోయినా సాయంత్రం దాకా అక్కడే ఉన్నాను. చదువు మధ్యలో మానేసినందుకు నాకు అందిన బహుమతి అది.

చప్పుడు వింటే చాలు, మా బావ రోగం చెప్పేస్తాడు. కీచుమంటే డైనమో బెల్టు వదులైంది. గుయ్యిమంటే డైనమో బేరింగు అరిగింది. టకటకటకమని వరసగా కొట్టుకుంటే బ్యాటరీలో ఓపిక లేదు, సెల్ఫ్‌ని పట్టుకోలేక వదిలేస్తోంది. ఒక్కటే టక్‌మని ఊరుకుంటే బ్యాటరీని ఏమీ అనకూడదు, కరెంటు మోటారు దాకా చేరడంలేదు, దారి వెతకాలి. ఇదంతా ఫోనులో కూడా చెప్పేవాడు. ఒకసారి అవతల ఒకాయన హలో అనబోయి తుమ్మితే, కార్బన్ బ్రష్‌లు అరిగాయి, తీసుకురండి అన్నాడు. తీసుకొచ్చారు. అరిగాయి. ఈ కథ నేను చెప్పినప్పుడల్లా మా అక్క లేచి వంటగదిలోకి వెళ్లిపోతుంది.

వీధిలో అందరూ ఆయన్ని చెవి డాక్టరు అంటారు. ఆ పేరు విని ఒక ముసలావిడ నిజంగానే చెవిపోటుతో వచ్చింది. మా బావ ఆవిడని స్టూలు మీద కూర్చోబెట్టి, చెప్పిందంతా శ్రద్ధగా విని, వైరింగంతా బాగానే ఉందమ్మా, ఒకసారి ఆస్పత్రిలో కూడా చూపించండి అని రిక్షా ఎక్కించాడు.

పెళ్లి కూడా చెవివల్లే జరిగింది. మా నాన్న సరుకుల వ్యాను మొరాయిస్తే అప్పట్లో ఈ షాపుకే తెచ్చాం. బండి ఏమంటోందని అడిగితే మా నాన్న కూ అన్నాడు, నేను బుర్ర్ అన్నాను. వెనక నిలబడ్డ మా అక్క విసుక్కుని, “ఒకసారి ఖణ్‌మని తగులుతుంది. తర్వాత ఉత్తగా తిరుగుతుంది, సయ్యిమని” అంది. మా బావ కళ్లు తెరిచాడు. సెల్ఫ్ పళ్లు ఇంజన్ పళ్లని పట్టుకుని జారిపోతున్నాయి. విప్పితే సరిగ్గా అదే. పది రోజుల తర్వాత పెద్దవాళ్లని పంపించాడు. చప్పుడుని ఉన్నదున్నట్టు చెప్పే మనిషి ఈ లోకంలో ఒక్కతే కనిపించిందని ఇప్పటికీ అంటాడు. మా అక్క అందం సంగతి ఎవరూ ఎత్తకపోవడం తనకి ఇప్పటికీ కోపమే.

పెళ్లయిన పదో ఏడు మా అక్క ఆయనకొక మీటరు కొనిచ్చింది. రెండు తీగలు, ఎరుపూ నలుపూ, మధ్యలో అంకెల గాజు. ఏ తీగలో ఎంత కరెంటు అడ్డుపడుతోందో నిమిషంలో చెబుతుంది. మా బావ దాన్ని ముచ్చటగా తుడిచి, పెట్టెలో పెట్టి, అలమర పైన దాచేశాడు. మీటరు చెవులు లేనివాళ్లకట. ఆ పెట్టె మీద దుమ్ము దులపడం తప్ప ఆ బహుమతితో మా అక్కకి పనిపడలేదు.

ఇలాంటి మనిషి ఒక గురువారం నాతో, “శనివారం షాపు తాళం పక్క టైర్లాయనకి ఇచ్చేస్తున్నానురా” అన్నాడు.

దానికి ముందు జరిగింది చెప్పాలి. మా వీధులకి ఒక నర్సమ్మ ఉంది. కట్లు మార్చడం, సూదులు వేయడం, మంచం దిగలేనివాళ్లకి బీపీ చూడడం, అన్నీ ఇంటింటికీ వెళ్లి చేస్తుంది. ఆవిడ నీలం కారు చిన్నది, పాతది, లోపల ఎప్పుడూ స్పిరిట్ వాసన. నెల కిందట ఆవిడ వచ్చి, పొద్దున్నే బండి లేవడంలేదు, ఇరుగుపొరుగువాళ్లు తోస్తే గానీ కదలడంలేదు అంది. బండి ఏమంటోందని మా బావ అడిగాడు.

“టకటకమంటోంది అన్నయ్యగారూ.”

టకటక అంటే బ్యాటరీ. కానీ ఆ బ్యాటరీలో యాసిడ్ పీల్చి చూస్తే, గాజు గొట్టంలో బుడ్డి నిండు ప్రాణంతో పైకి తేలింది, అంటే బ్యాటరీ నిండుగా ఉందన్నమాట. మా బావ ఆ గొట్టాన్ని రెండుసార్లు వెలుతురులో పెట్టి చూశాడు. ఆవిడని మళ్లీ అడిగాడు. టకటకే అంది. సరే, మనిషి మాటకన్నా బుడ్డి ఎక్కువా అని కొత్త బ్యాటరీ వేశాడు. పాతది ఎందుకో పారేయబుద్ధికాక బల్ల కింద పెట్టాడు. తాళం తిప్పితే బండి ఒక్క దెబ్బకి లేచింది. అసలు పాత బ్యాటరీతో వచ్చినప్పుడు కూడా మా గచ్చు మీద ఒక్క దెబ్బకే లేచింది. ఆ సంగతి అప్పుడు ఎవరికీ తట్టలేదు.

వారానికి ఆవిడ మళ్లీ వచ్చింది. మళ్లీ టకటక. ఈసారి టెర్మినళ్లు గీకి, వేడినీళ్లతో కడిగి, గ్రీజు రాశాడు. సెల్ఫ్ దించి బ్రష్‌లు మార్చాడు. పది రోజులకి మూడోసారి. ఈసారి రాత్రంతా ఏదైనా బ్యాటరీని తాగేస్తోందేమో చూశాడు, డైనమో పద్నాలుగు వోల్టులు ఇస్తోందో లేదో అలమర మీది పెట్టె దించకుండా వేరే షాపు మీటరుతో చూపించుకున్నాడు, బెల్టు బిగించి బొటనవేలితో నొక్కి చూశాడు. అంతా సవ్యం. గచ్చు మీద బండి బంగారం. ఆవిడ ఇంటి దగ్గర పొద్దున్నే టకటక.

ఇక్కడ నా పాపం కొంత ఉంది. మూడోసారి ఆవిడ వెళ్లాక, నలుగురిలో, చెవి డాక్టరుకే చెవి పోయిందోచ్ అన్నాను. జనం నవ్వారు. నా నోటికి అది రోజూ ఉండే పనే. మా బావ కూడా నవ్వాడు. కానీ ఆ రోజు నుంచి ఆయన తనని తాను పరీక్షించుకోవడం మొదలుపెట్టాడు. ఇంజన్ పక్కన పని చేస్తుండగా ఫోను మోగి ఆగిపోతే, వినపడలేదు అనుకునేవాడు. మా అక్క రెండోసారి పిలిస్తే, మొదటిసారి ఎప్పుడు పిలిచిందని అడిగేవాడు. గోడ గడియారం దగ్గర చెవి పెట్టి నిలబడేవాడు. ఆ గడియారం ఆగిపోయి ఆరు నెలలైందని మా అక్క చెప్పాక కాస్త తెరిపినపడ్డాడు గానీ, ఆ తెరిపి ఒక పూట కూడా నిలవలేదు.

ఆ గురువారం ఆయన మాట నాకు గుచ్చుకుంది. పక్క షాపు టైర్లాయన మధ్యగోడ కొట్టించుకోవాలని ఏళ్లుగా చూస్తున్నాడు. తాళం ఇచ్చేసి, బజారు దగ్గర కార్లు నిలిపే చోట చీటీలు చింపే పనికి కుదురుకుంటానని మా బావ అన్నాడు. ఆ పనికి చెవి అక్కర్లేదు, రెండు వేళ్లు చాలు. నేను ఏదో హాస్యమాడబోయాను.

“ఒరేయ్, ఆవిడ దగ్గర మంచంలో ఉన్నవాళ్లు ఎదురుచూస్తుంటారు,” అన్నాడు మా బావ. “మూడుసార్లు నేను బాగుచేశానని పంపించాను. మూడుసార్లూ ఆవిడ రోడ్డు మీద నిలబడింది. చెవి ఉన్నవాడు అలా పంపిస్తాడా?”

ఆడబోయిన హాస్యాన్ని నేనే మింగేశాను. నా జీవితంలో అది రెండోసారి. మొదటిసారి లెక్కల పరీక్షలో.

శుక్రవారం మధ్యాహ్నం. షట్టరు దించి ముగ్గురం షాపులోనే భోంచేస్తున్నాం. బయట ఎవరో తలుపు కొట్టారు, ఒక్కసారి, టక్‌మని. మా బావ లేచి షట్టరు ఎత్తాడు. నర్సమ్మ. నాలుగోసారి. చెమట తుడుచుకుంటూ వంగి లోపలికి వచ్చి, ఎంతసేపటికీ తీయరేమిటని అడిగింది.

“టకటకా కొట్టాను కదన్నయ్యా, వినపడలేదా?”

మా బావ మొహం చూడలేకపోయాను. వచ్చి కంచం ముందు కూర్చున్నాడు గానీ ముద్ద ముట్టలేదు. ఆయనకి వినపడింది ఒక్క దెబ్బే. రెండోది తన చెవి మింగేసిందనుకున్నాడు. నెమ్మదిగా గోడకి తగిలించిన తాళంగుత్తి వంక చూశాడు.

మా అక్క మాత్రం మజ్జిగ గ్లాసు కింద పెట్టింది. నర్సమ్మని కూర్చోమని, మంచినీళ్లిచ్చి, తీరిగ్గా అడిగింది, “తలుపు ఎన్నిసార్లు కొట్టావమ్మా?”

“ఒక్కసారే వదినా.”

“ఎలా కొట్టావు?”

“టకటకా.”

“నేనూ ఒక్కటే విన్నాను,” అంది మా అక్క. తర్వాత నావైపు తిరిగింది. నేను కూడా ఒక్కటే అని వేలు చూపించాను. ఈసారి అబద్ధం కాదు.

అప్పుడు నాకు వెలిగింది. ఆ నర్సమ్మే కాదు, మన నోళ్లన్నీ అంతే. తలుపు ఒక్కసారి కొట్టినా టకటకే. ఒక్క మెతుకు తిన్నా గబగబే. కత్తెర ఒక్కసారి ఆడినా కచకచే. నర్సమ్మ అయితే మరీను. చిన్నచిన్న దెబ్బ అంటుంది, చూస్తే ఒకటే దెబ్బ. త్వరత్వరగా రమ్మంటుంది. ఒక్క సూది పొడిచి, చురుకుచురుకుమందా తాతగారూ అని అడుగుతుంది.

మా అక్క ఇంకా అడుగుతూనే ఉంది. “పొద్దున నువ్వు తాళం తిప్పినప్పుడు, ఆ చప్పుడు ఎన్నిసార్లు వస్తుంది?”

“ఒక్కసారే. టకటకమని ఒక్కసారి వచ్చి ఆగిపోతుంది. మళ్లీ తిప్పితే మళ్లీ ఒక్కసారి. అదేగా నేను మొదటినుంచీ చెబుతున్నది?”

అంటే బండి అంటున్నది ఒక్క టక్కే, చూడాల్సింది బ్యాటరీని కాదు, దారిని. మా బావ చెయ్యి కడుక్కోవడానికి లేచి, కడుక్కోకుండానే మళ్లీ కూర్చున్నాడు. రేపు పొద్దున మీరు బండి తీసే వేళకి మీ ఇంటికి నేనే వస్తానని నర్సమ్మకి చెప్పాడు. ఇరవై రెండేళ్లలో ఆయన షాపు వదిలి బండి దగ్గరకు వెళ్లడం అదే మొదలు. రోగం ఉన్నది వైద్యుడి దగ్గరకు రావాలి గానీ అని ఇన్నాళ్లూ బిగుసుకు కూర్చున్న మనిషి. నేను కూడా వస్తానన్నాను. శనివారం తెల్లవారి మా అక్క కూడా సంచీ భుజాన వేసుకుని తయారుగా ఉంది.

నర్సమ్మ ఇల్లు వీధి కన్నా పల్లంలో ఉంది. గేటు దగ్గర నుంచి గోడ దాకా నిటారు వాలు. కారు ముక్కు కిందికి పెట్టి, గోడకి జానెడు దూరంలో ఆగి ఉంది. రోజూ తోసే జట్టు అప్పటికే వచ్చి నిలబడింది. రిటైరైన పోస్టుమాన్ బనీను మీద, నాట్యం నేర్పే పంతులమ్మ చీర కుచ్చిళ్లు దోపుకుని, ఎదురింటి అన్నదమ్ములిద్దరు. నెల రోజులుగా ఆ బండిని వెనక్కి వీధిలోకి ఎక్కించి ఎక్కించి, ఆ పోస్టుమాన్‌కి అరవై ఐదో ఏట భుజాలు వచ్చాయి. వీధిలోకి ఎక్కించగానే బండి లేస్తుంది. తమ తోపుడు మహిమ అని నలుగురూ నలుగురి దగ్గరా చెప్పుకుంటున్నారు.

మా బావ వాళ్లని పక్కకి నిలబెట్టాడు. బానెట్ ఎత్తలేదు. కళ్లు మూసుకుని, సెల్ఫ్ కొట్టమన్నాడు.

టక్.

మళ్లీ కొట్టమన్నాడు. టక్. అంతే.

“ఒక్కటే,” అన్నాడు. కళ్లు తెరిచి నన్ను చూశాడు, మా అక్కని చూశాడు. ఎవరూ చెప్పకముందే మళ్లీ తనే, “ఒక్కటే” అన్నాడు.

తర్వాత పని చకచకా సాగింది, నిజంగానే చకచకా. ముందు లైట్లు వేయించి సెల్ఫ్ కొట్టమన్నాడు. ఓపిక లేని బ్యాటరీ అయితే లైట్లు గుడ్డిదీపాలవ్వాలి. గోడ మీద వెలుతురు ఇసుమంత కూడా తగ్గలేదు. అంటే బ్యాటరీలో సత్తువంతా ఉంది, మోటారుకే అందడంలేదు. చెయ్యి వెనక్కి చాచి ఏదో అడగబోయాడు. మా అక్క అప్పటికే సంచీలోంచి మీటరు పెట్టె తీసి మూత విప్పుతోంది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఇలాంటప్పుడు నేను కూడా ఎటో చూస్తాను.

నల్ల తీగ బ్యాటరీ మైనస్ మీద, ఎర్ర తీగ ఇంజన్ ఇనుము మీద. మామూలుగా అయితే ఆ రెండింటి మధ్య మీటరు ఏమీ చూపించకూడదు. తాళం తిప్పగానే అంకె ఎగిరి తొమ్మిది వోల్టుల దగ్గర నిలబడింది. మోటారుకి అందాల్సిన బలమంతా అక్కడే అడ్డుపడిపోతోంది.

మా బావ నర్సమ్మకి అర్థమయ్యేలా చెప్పాడు. కరెంటు బ్యాటరీ నుంచి బయలుదేరి మోటారు తిప్పి, ఇంజన్ ఇనుములోంచి ఎర్త్ పట్టీ మీదుగా తిరిగి ఇంటికి, అంటే బ్యాటరీకి, చేరాలి. వెళ్లే దారి బాగుంది. వచ్చే దారే తెగింది. కింద దూరి ఆ పట్టీ విప్పి తీసుకొచ్చాడు. పైన నల్ల తొడుగు నిగనిగలాడుతోంది, వంచితే లోపల రాగి పోగులు పుల్లల్లా విరిగి ఉన్నాయి. ఇంజన్ కింద రబ్బరు దిమ్మ అరగడంతో, ముక్కు పల్లంలో పెట్టినప్పుడల్లా ఇంజన్ ముందుకు ఒరిగి పట్టీని లాగుతోంది, విరిగిన పోగులు విడిపోతున్నాయి. చదును మీదకు రాగానే మళ్లీ అతుక్కుంటున్నాయి. మా గచ్చు చదును. వీధి చదును.

ఒక జంపర్ కేబులు తీసి, ఒక కొస బ్యాటరీ మైనస్‌కి, రెండోది ఇంజన్‌కి పట్టించాడు. తాళం తిప్పమన్నాడు. ముక్కు గోడవైపు, పల్లంలోనే, నీలం కారు ఒక్క దెబ్బకి లేచి గుర్రుమంది. నర్సమ్మ స్టీరింగ్ మీద తల ఆనించింది. పోస్టుమాన్ మాత్రం దిగులుగా, అంటే మేం తోసినందువల్ల కాదా అని అడిగాడు. మీరు చదును దాకా తోశారు కాబట్టే లేచిందండీ, మహిమ మీదేనని మా బావ ఆయన మనసు నిలబెట్టాడు. భుజాలైతే ఆయనవే.

రబ్బరు దిమ్మ మెకానిక్ చేత మార్పించుకోమని చెప్పి, కొత్త పట్టీ బిగించేసరికి అరగంట. చేతులు తుడుచుకుంటూ మా బావ నర్సమ్మ దగ్గరకు వెళ్లాడు.

“మీ పాత బ్యాటరీకి ఏ జబ్బూ లేదమ్మా. బుడ్డి తేలిందని చూశాను, అయినా మార్చాను. తప్పు నాది. సోమవారం వస్తే మీది మీకు పెట్టేసి, కొత్తది వెనక్కి తీసుకుంటాను.”

ఆవిడ తప్పు తనదంది, సరిగ్గా చెప్పలేకపోయానంది. ఇంతకీ ఏమని చెప్పాల్సింది అని అడిగింది. టక్ అన్నాడు మా బావ. ఆవిడ నేర్చుకుంటున్నట్టు పెదాలు కదిపి, “టక్” అంది. ఆగలేక వెంటనే ఇంకోసారి, “టక్” అంది. మా బావ పడీపడీ నవ్వాడు. నెల రోజుల తర్వాత ఆ నవ్వు విన్నాను. విని నేను తల వంచుకున్నాను. చెవి పోయిందోచ్ అన్న నోరు నాది కదా.

తిరిగొచ్చేటప్పుడు మా బావ నా డొక్కు వ్యానులో ముందు కూర్చున్నాడు. దారి పొడుగునా వింటూనే ఉన్నాడు. ఎదురొచ్చిన బస్సు బెల్టు వదులుందన్నాడు. పాలవాడి సైకిలు గొలుసుకి నూనె లేదన్నాడు. నా వ్యాను డైనమో బేరింగు ఇంకో నెల బతుకుతుందన్నాడు, అది మాత్రం నాకు నచ్చలేదు. ఉన్నట్టుండి వెనక్కి తిరిగి మా అక్కని, “ఏమన్నావు?” అని అడిగాడు.

“ఏమీ అనలేదు. ఊపిరి వదిలాను.”

“విన్నాను,” అన్నాడు మా బావ.

షాపు దగ్గర టైర్లాయన కొలతల టేపు పట్టుకుని మధ్యగోడ ముందు నిలబడి ఉన్నాడు. సుద్దముక్కతో గీత కూడా గీశాడు. మా బావ తాళంగుత్తి తీసి ఆయన చెవి దగ్గర ఒకసారి గలగలలాడించి, ఎన్ని తాళాలున్నాయో చెప్పమన్నాడు. పాపం ఆయన నాలుగన్నాడు. మూడని చెప్పి, గుత్తి జేబులో వేసుకుని, షట్టరు ఎత్తాడు. మేమందరం వంగి లోపలికి వెళ్లాం. గీత ఇంకా గోడ మీద ఉంది, మా అక్క తుడవనివ్వడం లేదు.

ఆ మీటరు పెట్టె ఇప్పుడు అలమర పైన లేదు, స్టూలు పక్కనే ఉంది. కళ్లు మూసుకుని అడగడం మాత్రం మా బావ మానలేదు. ఒక్క ప్రశ్న పెరిగిందంతే. ఏమంటోంది అని అడిగాక, ఎన్నిసార్లు అంటోంది అని కూడా అడుగుతాడు. మొన్న నన్ను మూడేళ్లు కూర్చోబెట్టిన లెక్కల మేష్టారు వచ్చి, బండి టకటకమంటోందన్నారు. ఎన్నిసార్లు మేష్టారూ అని మా బావ అడిగాడు. ఆయన వేళ్లు ముడిచారు, విప్పారు, మళ్లీ ముడిచారు. చివరికి లెక్కపెట్టుకుని వస్తానని బండి దగ్గరకు వెళ్లారు. నేను ఇంకో స్టూలు లాక్కుని గచ్చు మీద కూర్చున్నాను. ఆ రోజు కూడా నాకు వేరే పనేమీ లేదు.